శ్రీ గారూ, మీకు లోన్ కావాలా?

మూడు పనిదినాల్లో జీఎస్టీ నంబరు! 2025 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ ఏర్పాటును మెచ్చుకోనివాళ్లు లేరు. నెలకు రెండున్నర లక్షల లోపు పన్ను లెక్క తేలే చిన్నవాళ్లు ఏ అధికారి బల్ల ముందూ నిలబడక్కర్లేదు, కంప్యూటరే కాగితాలు చూసుకుని నంబరు ఇచ్చేస్తుంది. సంతోషం. సర్కారుకు వేగం వచ్చింది. కాకపోతే సర్కారును మించిన వేగంతో పనిచేసేవాళ్లు ఈ దేశంలో ముందునుంచీ ఉన్నారు. నంబరు రావడానికి మూడు రోజులైనా పడుతుంది గానీ, అది వచ్చిన సంగతి వాళ్లకు తెలియడానికి పూట కూడా పట్టదు.

సేల్స్ పాఠాలు చెప్పే మహానుభావులు ఇప్పుడు ఎక్కడ చూసినా ఒకటే మంత్రం ఉపదేశిస్తున్నారు. పాత వ్యాపారి వెంట పడకండి, ఆయనకు అన్నీ ఉన్నాయి. నిన్న పేరు నమోదు చేయించుకున్నవాణ్ని పట్టుకోండి, వాడికి ఏదీ లేదు, అన్నీ కావాలి. ఆ పేర్ల జాబితాకు వీళ్లు పెట్టుకున్న ముద్దుపేరు 'ఫ్రెష్ డేటా'. కూరగాయల్లాగే దీన్నీ తాజాగా ఉన్నప్పుడే అమ్ముకోవాలి. ఇవాళ్టి జాబితాది ఒక ధర, పోయిన నెల జాబితాది ఇంకో ధర. జిల్లాలవారీగా కావాలన్నా దొరుకుతుంది.

బచ్చన్నపేటలో ఒకాయన హార్డ్‌వేర్ దుకాణం పెడుతున్నాడనుకుందాం. మడిగెకు అడ్వాన్సు ఇచ్చాడు. షట్టరుకు వేసిన రంగు ఇంకా ఆరలేదు. ర్యాకులు బిగించే మనిషి రేపు, ఎల్లుండి అంటూ తిప్పుతున్నాడు. జనగామ నుంచి పైపులు పంపే డీలరు జీఎస్టీ నంబరు ఉంటేనే బిల్లు రాస్తానన్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే సరుకు అమ్మేవాళ్లకు ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషను అక్కర్లేదు. తెలంగాణ 20 లక్షల దగ్గరే గీత గీసుకుంది. సిమెంటు, ఇనుము, రంగులు అమ్మేచోట 20 లక్షలు దాటడమెంతసేపు? అందుకని ఆయన ఆన్‌లైన్ సెంటరులో కూర్చుని ఆధార్, పాన్, కరెంటు బిల్లు, మడిగె కిరాయి కాగితం ఇచ్చి, ఫోనుకొచ్చిన ఓటీపీ చదివి చెప్పాడు. దుకాణం పేరు శ్రీ మల్లికార్జున హార్డ్‌వేర్ అండ్ పెయింట్స్. కొమురవెల్లి మల్లన్నను మొక్కే ఊళ్లో ఇంకేం పేరు పెడతారు?

ఇక మొదలు. తొలి ఫోను కరెంట్ అకౌంటు కోసం. రెండోది స్వైపింగ్ మిషను. మూడోది రిటర్నులు వేసిపెట్టే ప్యాకేజీ. తర్వాత వెబ్‌సైటు, ట్రేడ్‌మార్కు, షాపు ఇన్సూరెన్సు, గూగుల్‌లో మొదటి పేజీ, దుకాణం మొహం చూడకుండానే ఇచ్చే ఐఎస్ఓ సర్టిఫికెట్. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చునేసరికి బిజినెస్ లోను. ఇంకా బోణీ కాలేదు బిడ్డా అని ఆయన మొత్తుకుంటుంటే, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ వాట్సాప్ చేయమని అటునుంచి గొంతు.

కొత్తగా దుకాణం తెరిచినవాడి దగ్గర ఖర్చుపెట్టే డబ్బుంటుందన్నది ఈ మంత్రంలోని మూలసూత్రం. ఒక్కసారైనా గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడు ఈ మాట అనడు. అడ్వాన్సుకు, ర్యాకులకు, మొదటి లోడు సరుకుకు పోగా జేబులో మిగిలేదేమిటి? మనిషి బతుకు మొత్తంలో చేతిలో పైసా ఆడని వారం ఏదైనా ఉంటే అది దుకాణం తెరిచిన వారమే. సరిగ్గా ఆ వారాన్నే ముహూర్తంగా ఎంచుకున్నారు ఈ పండితులు.

అయినా వీళ్ల తెలివి అసలు బయటపడేది పేరు దగ్గర. కంప్యూటరులో ఉన్న జాబితాలో దుకాణం పేరుంటుంది. దానిలో మొదటి మాటను మనిషి పేరుగా తీసుకుని పలకరించమని ఎవరో సాఫ్ట్‌వేరుకు నేర్పారు. అమెరికాలో జాన్స్ ప్లంబింగ్ అనే దుకాణాన్ని హలో జాన్ అంటే చెల్లుతుందేమో. తెలంగాణలో దుకాణాల పేర్లు దేనితో మొదలవుతాయో తెలియనివాడు ఈ గడ్డ మీద వ్యాపారం చేయబోతున్నాడు.

"గుడ్ మార్నింగ్ సర్, శ్రీ గారేనా మాట్లాడేది?"

"ఏ శ్రీ?"

"శ్రీ మల్లికార్జున హార్డ్‌వేర్ ఓనర్, శ్రీ గారు సర్."

"శ్రీ నా పేరు గాదమ్మా. మల్లికార్జున అంటె మా దేవుడు."

"ఓకే సర్. అయితే మల్లికార్జున గారి నంబర్ ఇస్తారా సర్?"

ఆ అమ్మాయిని అనడానికేం లేదు. తెర మీద ఏముంటే అది చదవడమే ఆమె జీతం. కానీ ఈ లెక్కన ఉమ్మడి వరంగల్ జిల్లా వ్యాపారులంతా ఒకే ఇంటిపేరు గల అన్నదమ్ములు. జనగామలో శ్రీ గారు, మహబూబాబాద్‌లో శ్రీ గారు, భూపాలపల్లిలో శ్రీ గారు. బోర్డు మీద మెస్సర్స్ అని రాయించుకున్న పాతకాలం వ్యాపారి మెస్సర్స్ గారవుతాడు. "డియర్ న్యూ, మీ కలలను మేం నిజం చేస్తాం" అని సందేశం వచ్చిందంటే అది న్యూ భారత్ టైలర్స్‌కు వచ్చిందని అర్థం చేసుకోవాలి.

దేవుళ్ల సంగతి ఇంకా ముదిరింది. మల్లన్నకు సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారం ఆదివారం జాతరే, పట్నాలు వేసి మొక్కులు చెల్లించే జనంతో కొండ నిండిపోతుంది. అంతటి ఆసామికి గిరాకీ పెంచిపెడతామని డిజిటల్ మార్కెటింగ్ వాళ్లు ఫోన్ చేస్తున్నారు. కురవి వీరభద్రుడి పేరున్న మెడికల్ షాపు చేసిన పాపానికి వీరభద్రుడికి హెల్త్ ఇన్సూరెన్సు. పాలకుర్తి సోమేశ్వరుడి పేరున్న కిరాణానికి "సోమేశ్వర్ గారూ, మీ వయసు నలభై దాటిందా?" అని టర్మ్ పాలసీ. ఆయనకు ఆద్యంతాలు లేవని పురాణాలు చెబుతున్నాయి, ప్రీమియం ఎలా కడతారో మరి.

మేడారం దారిలో సమ్మక్క సారలమ్మ పేరుతో బెల్లం వ్యాపారం పెట్టుకున్నవాళ్ల పని అయిపోయినట్టే. అక్కడ బెల్లాన్ని బంగారం అంటారు, నిలువెత్తు బంగారం తూచి మొక్కు తీర్చుకుంటారు. జాబితాలో ఇద్దరాడవాళ్ల పేర్లు కనబడ్డాయి గనక మహిళా పారిశ్రామికవేత్తల పథకం, సరుకు బంగారమని ఎవరైనా నోరుజారితే గోల్డ్ లోను. రెండేళ్లకోసారి జరిగే జాతరకు నెలనెలా ఈఎంఐ కట్టాలి. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి. కాళేశ్వర ముక్తేశ్వర ఎంటర్‌ప్రైజెస్ అని పేరు పెడితే, ఒకే చిరునామాలో రెండు పేర్లున్నాయి, ఒకటి డూప్లికేటు అని సాఫ్ట్‌వేరు ముక్తేశ్వరుణ్ని కొట్టేస్తుంది. యముడికీ శివుడికీ మధ్య తేల్చుకోవాల్సిన విషయం ఎక్సెల్ షీటులో తేలిపోయింది.

ఇంత అఘోరిస్తున్నారు గానీ, అసలు మనిషి పేరు పక్క గడిలోనే ఉంది. జీఎస్టీ సర్టిఫికెట్ ఆర్ఈజీ-06 ఫారంలో 'లీగల్ నేమ్' అని ఒక వరుస, 'ట్రేడ్ నేమ్' అని దాని కింద ఇంకో వరుస ఉంటాయి. సొంత దుకాణమైతే మొదటి వరుసలో ఉండేది పాన్ కార్డు మీదున్న మనిషి పేరే. నంబరులోని మొదటి రెండంకెలు 36 అయితే తెలంగాణ. అవి చూశాక కూడా హిందీలో మొదలుపెట్టి, "మీ ఆఫీస్ ఏ ఫ్లోర్ సర్?" అని బచ్చన్నపేట మడిగెను అడుగుతున్నారు. జిల్లా అడిగితే వరంగల్ అంటారు. జనగామ జిల్లా అయింది 2016 అక్టోబరు 11న. ఫ్రెష్ డేటా అట!

దేవుళ్లకు ఫోన్లు చేస్తే ఎవరికీ పోయేదేం లేదు. మనిషి ఫోను నంబరు వీళ్ల చేతికి ఎవరిచ్చారన్నది మాత్రం నవ్వి వదిలేసే సంగతి కాదు.

జీఎస్టీ పోర్టలులో ఎవరైనా ఒక జీఎస్టీ నంబరు కొట్టి చూడొచ్చు. పేరు, దుకాణం పేరు, రిజిస్టరైన తేదీ, వ్యాపార చిరునామా, ఏ అధికారి పరిధి అన్నవి వస్తాయి. ఫోను నంబరు రాదు, ఈమెయిలు రాదు. అవి వ్యాపారి సర్కారుకు ఇచ్చినవి, ఇవ్వకపోతే ఫారం ముందుకు కదలదు గనక ఇచ్చినవి. మరి రిజిస్ట్రేషను వచ్చిన పూటే ఆ నంబరుకు పదిమంది ఫోన్ చేస్తున్నారంటే అది ఎక్కడో కారుతోంది. ఫారం నింపిన చోటా? వాడిన సాఫ్ట్‌వేరులోనా? ఇంకా పైనా? తేల్చాల్సింది బచ్చన్నపేట వ్యాపారి కాదు. ఆ నంబరును బలవంతంగా అడిగి తీసుకున్న వ్యవస్థ తేల్చాలి. ఇన్నేళ్లలో ఆ పని చేయకుండా, అపరిచితులకు ఓటీపీ చెప్పకండి అని మనకే పాఠాలు చెబుతోంది.

కంపెనీల దగ్గర దాపరికం కూడా లేదు. కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ కొత్తగా రిజిస్టరైన కంపెనీల జాబితాలను నెలనెలా బయటపెడుతూ వచ్చింది. సర్కారు బహిరంగ డేటా సైటులో పెట్టిన కంపెనీల వివరాల్లో చిరునామాతోపాటు ఈమెయిలు గడి కూడా ఉండేది. వంద రూపాయలు కడితే ఒక కంపెనీ దాఖలు చేసిన పత్రాలను ఎవరైనా చూడొచ్చు. పదిమంది రైతులు కలిసి ప్రొడ్యూసర్ కంపెనీ పెట్టుకుంటే దానికీ ఇదే వర్తిస్తుంది. ఇలాంటి రైతు ఉత్పత్తిదారుల సంస్థలు (ఎఫ్‌పీఓలు) పది వేలు పెట్టిస్తామని కేంద్రం 2020 ఫిబ్రవరిలో పథకం మొదలుపెట్టింది. వరి కోత మిషను కోసం ఎదురుచూస్తున్న రైతు డైరెక్టరుకు ఇంగ్లీషులో ఫోను: "సర్, 180 రోజుల్లో ఐఎన్‌సీ-20ఏ ఫారం వేయకపోతే యాభై వేలు పెనాల్టీ." చట్టంలో ఉన్న మాటే. దాన్ని చెప్పే పద్ధతి మాత్రం బెదిరింపు. భయపెట్టి ప్యాకేజీ అంటగట్టడానికి చట్టంలోని ప్రతి తేదీనీ ఒక కత్తిగా నూరుకున్నారు.

ఈ పేర్ల పుస్తకాలు ఎందుకు పుట్టాయో ఒకసారి చూస్తే ఒళ్లు మండుతుంది. బ్రిటన్‌లో 1916లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, దుకాణం పేరు వెనక ఉన్న అసలు మనిషెవరో తెలియాలని వ్యాపార నామాల రిజిస్ట్రేషను చట్టం తెచ్చారు. మన 1932 నాటి భాగస్వామ్య చట్టం 66వ సెక్షను, సంస్థల రిజిస్టరును రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చంటుంది. ఎందుకు? ఉద్దెర ఇచ్చేవాడు ఎవరికి ఇస్తున్నాడో తెలుసుకోవాలని. మోసపోయిన కొనుగోలుదారు ఎవరి మీద దావా వేయాలో తెలియాలని. జీఎస్టీ సర్టిఫికెట్‌ను దుకాణంలో నలుగురికీ కనబడేలా పెట్టాలని, నంబరును బోర్డు మీద రాయాలని నిబంధన ఉన్నదీ అందుకే. గిరాకీ వ్యాపారిని నిలదీయడం కోసం పెట్టిన పుస్తకాన్ని, వ్యాపారిని వేటాడే పుస్తకంగా మార్చేశారు. పారదర్శకత అన్న మాటను ఇంతకంటే నీచంగా వాడుకోవడం సాధ్యమా?

చట్టం కాపాడుతుందంటారా? డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. ఉల్లంఘనకు 250 కోట్ల దాకా జరిమానా అని పత్రికలన్నీ పెద్దక్షరాల్లో రాశాయి. అదే చట్టం మూడో సెక్షను చదవండి. ఏదైనా చట్టం కింద బహిరంగపరచక తప్పని వివరాలకు ఈ చట్టం వర్తించదు. అంటే చట్టానికి లోబడి పేరు నమోదు చేసుకున్నందుకే ఆ పేరుకు రక్షణ పోయింది. ఇక బహిరంగం కాని ఫోను నంబరు సంగతి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలు అమలు కావడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. జీఎస్టీ నంబరుకు మూడు రోజులు. ఫోను నంబరును కాపాడడానికి ఏడాదిన్నర.

ఫోన్ల విసుగుతోనే అయిపోతే పోనీ అనుకోవచ్చు. కానీ ఇదే జాబితా దొంగలకూ పనికొస్తుంది, కొత్తవాడికి ఏది ఉచితమో ఏది కాదో తెలియదు గనక. చిన్న వ్యాపారాల కోసం 2020 జూలై 1న మొదలైన ఉద్యమ్ రిజిస్ట్రేషనుకు పైసా ఖర్చు లేదు, ఒక్క కాగితం అప్‌లోడ్ చేయక్కర్లేదు. ఆధార్, పాన్ ఉంటే చాలు. ఫీజు వసూలు చేసే హక్కు ఏ ప్రైవేటు సైటుకూ లేదు. అయినా పైన మూడు రంగుల పట్టీ, అశోక స్తంభాన్ని తలపించే బొమ్మ, కింద కనబడీ కనబడని అక్షరాల్లో 'మేం ప్రైవేటు కన్సల్టెంట్లం' అన్న ముక్క పెట్టుకుని డబ్బు దండుకునే సైట్లు వెలిశాయి. మడిగె కిరాయికి దాచుకున్న డబ్బులోంచి వెయ్యో రెండు వేలో వీళ్ల పాలవుతోంది. దీన్ని మార్కెటింగ్ అనడం సిగ్గుచేటు. ఇది జేబు కొట్టడం.

ఈ విద్య మనది కాదు, దిగుమతి సరుకు. కాలిఫోర్నియాలో సొంత పేరు కాకుండా వేరే పేరుతో వ్యాపారం పెడితే ఆ పేరును కౌంటీలో దాఖలు చేసి, పత్రికలో నాలుగు వారాలు ప్రకటించాలి. న్యూయార్క్‌లో ఎల్ఎల్‌సీ పెడితే రెండు పత్రికల్లో ఆరు వారాలు. ఆ ప్రకటనల్ని ఏరుకుని అమ్మకాల జాబితాలు తయారుచేయడం అక్కడ పాత అలవాటు. న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో కన్సల్టెన్సీ పెట్టుకున్న తెలుగువాళ్లను అడగండి. సర్కారు ఉత్తరంలా అచ్చువేసిన కవరు వస్తుంది. లోపల కార్మిక చట్టాల పోస్టర్లు వెంటనే కొనకపోతే జరిమానా అంటుంది. కేంద్ర కార్మిక శాఖ పోస్టర్లను అక్కడి ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. కంపెనీల అసలు యజమానుల వివరాలు చెప్పాలన్న నిబంధన 2024లో రాగానే దాని పేరుతోనూ నకిలీ లేఖలు బయల్దేరాయి, అక్కడి ఆర్థిక నేరాల నిఘా సంస్థ ఫిన్‌సెన్ స్వయంగా హెచ్చరించాల్సి వచ్చింది. 2025 మార్చిలో స్వదేశీ కంపెనీలకు ఆ నిబంధననే ఎత్తేశారు. ట్రేడ్‌మార్కు, పేటెంటు దరఖాస్తుదారులకు వచ్చే దొంగ ఇన్వాయిసుల నమూనాలను ప్రపంచ మేధో సంపత్తి సంస్థ వైపో తన సైటులో ప్రదర్శనకు పెట్టింది. ప్రపంచమంతా అనుభవించి ఏడుస్తున్న జబ్బును మనవాళ్లు కొత్త మందు అనుకుని తాగుతున్నారు.

ఫిర్యాదు చేయొచ్చుగా అంటారు పెద్దమనుషులు. చేయొచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 ఆగస్టులో కన్నెర్ర చేశాక 2.75 లక్షలకు పైగా కనెక్షన్లు తెగ్గొట్టారు, 50 సంస్థలను బ్లాక్‌లిస్టులో పెట్టారు. 2025 ఫిబ్రవరిలో నిబంధనలు ఇంకా బిగించారు. ఫిర్యాదుకు మూడు రోజుల గడువు ఏడు రోజులైంది, పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వస్తే చర్య తీసుకోవాలన్నారు. ప్రచారపు ఫోన్లు 140తోనే మొదలవ్వాలన్నారు. ఇంతా చేసి, ఇవాళ శ్రీ గారికి వచ్చే ఫోన్లు మామూలు పదంకెల నంబర్ల నుంచే వస్తున్నాయి. ఒక నంబరు తెగితే ఇంకో సిమ్ము. వచ్చిన ప్రతి ఫోనుకూ నంబరు, తేదీ, ఏమన్నారో రాసి పంపాల్సింది మాత్రం ఇనుప చువ్వలు తూకం వేస్తున్న మనిషి. వేధించేవాడికి ఆటోమేటిక్ డయలరు, వేధింపు పడేవాడికి ఫారం నింపే పని.

డీలరు ఫోనేమోనని ఎత్తితే లోను. లోనేమోనని కట్ చేస్తే అది సరుకు లారీ డ్రైవరు, బచ్చన్నపేట చేరుకుని దుకాణం ఎక్కడని అడగడానికి చేశాడు. కొత్త వ్యాపారికి ఫోను ఎత్తకుండా ఉండే వెసులుబాటు లేదు. తెలియని ప్రతి నంబరూ మొదటి గిరాకీ కావచ్చు. ఆ ఆశ మీదే ఈ దందా నడుస్తోంది.

చేయాల్సినవి పెద్ద పనులేం కావు. కంపెనీ పత్రాలు బయటపెట్టినప్పుడు ఫోను, ఈమెయిలు గడులు మూసేయాలి. సర్కారు రిజిస్టర్లలోంచి ఎత్తిన వివరాలతో అమ్మకాల ఫోన్లు చేయడం నేరమని ఒక్క వాక్యం చేర్చాలి. డేటా చట్టం మూడో సెక్షనులోని సందు పూడ్చాలి. 'ఫ్రెష్ జీఎస్టీ డేటా' అని బాహాటంగా ప్రకటనలిచ్చి అమ్ముతున్నవాళ్లను, ఈ నంబర్లు ఎక్కడివని పోలీసులు ఒక్కసారైనా పిలిచి అడగాలి. కొత్త వ్యాపారి నంబరు పట్టుకోగలిగిన దేశానికి అమ్మేవాడి నంబరు దొరకదా?

అవి జరిగేలోగా కొత్తగా దుకాణం పెడుతున్నవాళ్లు ఇవి గుర్తుంచుకోండి. జీఎస్టీ రిజిస్ట్రేషనుకు సర్కారు ఫీజు లేదు. ఉద్యమ్‌కు ఫీజు లేదు. ఫారం నింపిపెట్టినందుకు సెంటరువాళ్లకు ఇచ్చేది వాళ్ల కూలీ మాత్రమే, దానికీ రసీదు అడగండి. వీలుంటే రిజిస్ట్రేషనుకు విడిగా ఒక సిమ్ము తీసుకుని, ఆ నంబరు గిరాకీలకు ఇవ్వకండి. కాకపోతే ఓటీపీలూ శాఖ నుంచి వచ్చే నోటీసులూ దానికే వస్తాయి గనక సిమ్మును చావనివ్వద్దు. విసిగించే ఫోన్ల మీద 1909కి ఫిర్యాదు ఇవ్వండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.